నాన్న వాదనలో నా చోటు

మా అన్నయ్య పెళ్ళి నలభై నాలుగులో అయిందని ఇంట్లో అందరూ అంటారు. కాదు, నలభై అయిదు వేసవి. యుద్ధానికని నూలుకు కంట్రోలు పెట్టి అప్పటికి రెండేళ్ళు. నాకు అప్పటికి పద్నాలుగు నిండాయి. తేదీలు తప్పు చెబితే నాకు నచ్చదు, ఈ తేదీ అయితే అసలు నచ్చదు. ఎందుకంటే ఆ పెళ్ళి దాకా మా నాన్న దేవుడి గురించి వాదించింది నాతోనే.

బెజవాడ నుంచి బందరు పోయే రైలుదారి పక్కన ఒక నేతపేట మాది. నాన్న గుంటమగ్గంలో కూర్చుని నేసేవాడు. నేను పక్కనే రాట్నం మీద, అడ్డం నేసే పేక నూలు కండెలకు చుట్టి అందించేదాన్ని. అమ్మ నా రెండో ఏట పోయింది, నాయనమ్మ ఆ మరుసటేడు. అన్నయ్య బెజవాడలో గుడ్డల కొట్లో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నాన్న, నేను, మగ్గం చప్పుడు.

నాన్న భక్తుడే కాని ఉత్త భక్తి ఆయనకు చాలేది కాదు. దేవుడున్నాడని రుజువు కావాలి. "ఈ చీర దానంతటది అయిందా? నేసినవాడొకడున్నాడు. మరి ఇంత జగత్తుకు ఉండడా?" అనేవాడు. దానికి చెప్పవలసిన అభ్యంతరం కూడా ఆయనే నేర్పాడు. ఆ నేసినవాణ్ణి ఎవరు చేశారని నేను అడగాలి. "ఎక్కడో ఒకచోట ఆగాలమ్మడూ. ఆగకపోతే పడుగుకు మొదలే ఉండదు" అని ఆయన నవ్వాలి. నేను ఓడిపోవాలి. ఏళ్ళ తరబడి అలాగే ఓడిపోయాను. అంత సుఖమైన పని నాకు ఇంకొకటి తెలియదు.

అప్పుడు వదిన వచ్చింది. మా మేనత్త కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, బందరులో థర్డ్ ఫారం దాకా చదివింది. మామగారు సొంత మేనమామే కాబట్టి కొత్తకోడలి బెరుకు ఏమీ లేదు. వచ్చిన వారం తిరక్కుండానే, వంటింటి గుమ్మంలో బియ్యం చెరుగుతూ నాన్న చీర మాట విని తలెత్తింది.

"చీర చేసింది నువ్వొక్కడివేనా మావయ్యా?"

"మరెవరు?"

"నూలొడికినోళ్ళు వేరే. రంగేసినోళ్ళు వేరే. పడుగుకి ఆసు పోసింది పక్కింటోళ్ళు. కండెలు ఇదిగో, ఇది చుట్టింది. నీ లెక్కన జగత్తుకి ఒక్క దేవుడు ఏం సరిపోతాడు? ఓ పేటెడు మంది కావాలి."

పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె నాన్న చేతిలో ఆగింది. నాతో వాదించినన్నాళ్ళూ అది ఒక్కసారి కూడా ఆగలేదు.

"నీ దుంప తెగ, ఎక్కడ పట్టావమ్మాయ్ ఇది" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

కండెలు చుట్టేదాన్ని నేను. వేళ్ళు కాయలు కాసింది నాకు. ఆరో ఏటి నుంచి నా ఒళ్ళోనే పడి ఉన్న మాట నాకు కనపడలేదు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి వంగి తీసుకుంది.

ఇక వాదన వాళ్ళిద్దరిదీ అయింది. నాన్న పొద్దున్నే కొత్త రుజువుతో నిద్ర లేచేవాడు. "అమ్మాయ్, ఇలా రా. దీనికేమంటావో చూస్తా" అని వంటింట్లోకి కేకేసేవాడు. నూలు అందక మగ్గం ఆగిన రోజుల్లో అయితే ఇద్దరికీ అన్నం కూడా గుర్తుండేది కాదు. తమాషా ఏమిటంటే వదిన సందెవేళ తప్పకుండా దీపం పెట్టే మనిషి. రుజువులు మాత్రం ఒక్కటీ నిలబడనిచ్చేది కాదు. నేను మధ్యలో దూరితే "నువ్వుండవే, కండె అయిపోతోంది చూడు" అనేవాడు నాన్న. పోనీ వదిన చెడ్డదా అంటే అదీ కాదు. నాకు తలంటి పోసి, చిక్కు తీసి, నొప్పి పుట్టకుండా జడ వేసేది. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

ఆయన జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి నేనే కనిపెట్టాలనుకున్నాను. వదినను మాత్రం ఏదీ అడగకూడదు, సాయం అసలు తీసుకోకూడదు.

ఒక సాయంత్రం చీరలో తప్పు కనపడింది. పడుగులో పోగు తెగిన సంగతి చూసుకోక నాన్న జానెడు నేసేశాడు. మడతలో కలిసిపోయే చోటు, కొన్నవాళ్ళకు తెలియదు. అయినా ఆయన తప్పు నేత అమ్మడు. పేక ఒక్కొక్క పోగే వెనక్కి తీస్తూ కూర్చున్నాడు. వదిన గుమ్మంలో చేట పట్టుకుని ఉంది.

"నాన్నా, తప్పు కనపడితే నువ్వు విప్పుతున్నావు కదా. దేవుడెందుకు విప్పడు?" అన్నాను.

"ఏం విప్పాలే?"

"అమ్మ పోవడం."

నాన్న చేతిలో పోగు చేతిలోనే ఉంది. నేను గెలిచాను. ఆయన నా వైపు చూసి, ఎక్కడ పట్టావని నన్ను కూడా అడగాలని ఎదురుచూశాను. ఆయన తలెత్తి వదిన వైపు చూశాడు.

"మీ అత్త నీకు గుర్తుందా అమ్మాయ్?"

"ఎందుకు లేదు మావయ్యా? అప్పటికి నాకు ఆరేళ్ళు. రాట్నానికి అవతలి పక్క కూచునేది. ఎడం చేత్తో తిప్పేది కదా."

"మా అమ్మ తిట్టేది దాన్ని, ఆ చెయ్యేంటని."

"అమ్మమ్మ తిడుతుంటే నవ్వేది. నవ్వుతూనే తిప్పేది."

"మానలేదు. ఎంత చెప్పినా మానలేదు" అన్నాడు నాన్న. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

అదే రాట్నం. ఎనిమిదేళ్ళుగా దాని మీద నూలు చుడుతున్నాను. అమ్మది ఎడమచెయ్యి వాటమని నాకు ఎవరూ చెప్పలేదు. ప్రశ్న వేసింది నేను, జవాబు వెళ్ళింది ఆమెకు. వాళ్ళిద్దరూ చూసిన మనిషిని, ఉండేదని వాళ్ళు చెబితే నేను నమ్మాలి.

రాట్నం మీంచి చెయ్యి తీసేశాను.

"ఇంకేం గుర్తుంది వదినా?" అని అడిగాను.

ఆమె రాట్నం వైపు చూసింది, మళ్ళీ చేటలోకి చూసింది.

"ఇంకేం లేదే. అంతే" అంది.

నేను నమ్మలేదు. ఆ తర్వాత ఆమె నలభై ఒక్క ఏళ్ళు బతికింది. పండగలకీ పురుళ్ళకీ కలిసినప్పుడల్లా అదే ప్రశ్న వేశాను, ఆమె అదే జవాబు చెప్పింది. ఇంకా కొంత తన కోసం అట్టే పెట్టుకుందనే ఈ రోజుకీ నా అనుమానం.