నేనుంటే ఏడవని పిన్ని

కథలు రాస్తానని నలుగురికీ చెప్పుకుని, చాలా కాలం ఒక్క ముక్కా రాయకుండా తిరిగిన మనిషిని నేను. ఇల్లు అరసవల్లిలో, ఉద్యోగం ఎచ్చెర్లలో. బస్సులో చదువుకుందామని సంచిలో ఎప్పుడూ ఓ నవల ఉండేది. సీటు దొరికితే నిద్ర, దొరక్కపోతే చిరాకు, నవల మాత్రం మొదటి పేజీల్లోనే ఉండిపోయేది. కొనడంలో లోటేమీ చెయ్యలేదు. చదవని పుస్తకాలు మంచం పక్కన పేరుకుపోయి, ఇల్లు ఊడ్చినప్పుడల్లా వాటిని జరపడం ఒక పనైపోయింది.

సిగ్గేసి చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్నే లేవాలి, ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూతెయ్యాలి, టీ తాగుతూ కాసేపు చదవాలి, ఆ ఊపులోనే రాయడానికి కూర్చోవాలి. చదవడం కుదిరింది. రాయడమే కుదరలేదు. నా కథల్లో కూలికెళ్లే ఆడమనిషి కూడా సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు మాట్లాడేది. నాకే ఒళ్లు మండి కాగితాలు చింపేసేదాన్ని.

అలాంటి రోజుల్లో పిన్ని ఫోన్లు మొదలయ్యాయి. పిన్ని మా అమ్మకి చెల్లెలు. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఉంటుంది. మా అమ్మ పోయినప్పుడు నేను బిగుసుకుపోయి కూర్చుంటే, నా వంతు కూడా పిన్నే ఏడ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకి బాబాయి పోయాడు. పొద్దున్నే ఆయనకి అంబలి కలిపే వేళకి ఏం చెయ్యాలో తోచక పిన్ని నాకు ఫోను చేసేది. బియ్యం డబ్బాలోంచి మోత. మొదట్లో విసుక్కుంటూనే తీశాను.

"ఏటే, లేసినావా? ఏటి సేత్తన్నావు?"

అక్కణ్ణించి ఇక ఆమె ఇష్టం. ఎవరి గట్టు ఎవరు నరికారో, ఎవరి కోడలు పుట్టింటికెళ్లి ఎందుకు రానంటోందో, అన్నీ చెప్పేది. ఆ మాటలు పట్టుకుని కూర్చుంటే నా కథలో మనుషులు ఒక్కసారిగా నోళ్లు విప్పారు. ఇక చూడండి, ఆ ఫోను కోసం నేనే కాచుకుని కూర్చునేదాన్ని. పిన్ని చెబుతుంటే ఊ కొట్టేదాన్ని. అది ప్రేమ అనుకుంది పిన్ని. ప్రేమ లేకపోలేదు. కానీ చేతిలో పెన్ను కూడా ఉండేది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్లని పలకరిస్తూ, వాళ్ల బతుకంతా రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. దగ్గరి మనిషి ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. పిన్ని గొంతెత్తితే రాయి లాంటి మగాళ్లు కూడా కండువాలు మొహానికి అడ్డం పెట్టుకుంటారు. బాబాయి మాసికం నాటి పొద్దున ఫోనులో మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ రాగంలోకి వెళ్లిపోయింది.

"ఉల్లిపాయ కొరక్కుండా అంబలి తాగనోడివి, అక్కడ నీకెవులు కోసి పెడతన్నారు మావా..."

నాకూ కళ్లమ్మట నీళ్లు కారాయి. కారుతుండగానే రాసుకున్నాను. ఒక్క మాటైనా మార్చకుండా కథలో పెట్టాను. అది ఓ వారపత్రికలో వచ్చింది. అబ్బో, ఎంతమంది మెచ్చుకున్నారో. ఆ ఏడుపు ఎలా రాశారండీ అని అడిగితే, ఏదో అలా వచ్చిందండీ అన్నాను. ఇప్పుడు మళ్లీ అదే మాట ఇక్కడ రాశాను. నాకు బుద్ధి లేదు.

కొన్నాళ్లకి పిన్ని ఫోన్లు ఆగిపోయాయి. ముందు నాకు కోపం వచ్చింది. ఆమెకి ఒంట్లో ఎలా ఉందోనన్న ఆలోచన కూడా రాలేదు, రాస్తున్న కథ సగంలో ఆగిందని కోపం. నేనే ఫోను చేశాను. "బాగున్నానే. నీకు పనులుంటాయి కదా. ఉంటాను" అని పెట్టేసింది.

అసలు సంగతి పెద్దమ్మ చెప్పింది. అక్కచెల్లెళ్లు ముగ్గురిలో పెద్దది. పిల్లల్లేరు, పిన్ని దగ్గరే ఉండేది.

"ఒసే, ఏటి రాసినావే నువ్వు? పక్కింటి కోడలు అందరి ముందరా సదివి ఇనిపించినాది. సంతలో ఇది ఉల్లిపాయలు బేరమాడతంటే, మావకి కోసి పంపుతావేటే అని నవ్వినారంట. కూరలో ఉల్లిపాయ ఎయ్యడమే మానేసినాది."

వెళ్లి కాళ్లు పట్టుకుందామని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. ఆదివారం రాగానే, నింపాదిగా రాసుకోవడానికి దొరికేది ఈ ఒక్క రోజే కదా అని ఆగిపోయేదాన్ని. బస్సెక్కితే గట్టిగా గంటన్నర ప్రయాణం. ఏం చెప్పను, ఆ ఆదివారాల్లో బాగానే రాశాను.

ఈమధ్యే పెద్దమ్మ పోయింది. కబురు అందగానే బయల్దేరాను. వీధి మొదట్లోనే పిన్ని గొంతు వినిపించింది. మా వైపు అక్కని అప్ప అంటారు. "అప్పా, నా అప్పా" అంటూ, చిన్నప్పుడు వాళ్లిద్దరూ ఒకే కోక పంచుకున్న సంగతేదో చెబుతోంది. వాకిట్లో పడుకోబెట్టిన పెద్దమ్మ చుట్టూ ఆడవాళ్లంతా ఆ గొంతు వెంటే ఏడుస్తున్నారు. నేను వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను. పిన్ని తలెత్తి నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. ఆమె ఆపేసరికి మిగతావాళ్లూ ఆపేశారు.

పక్కనున్న ముసలామె పిన్ని వీపు మీద చెయ్యి వేసింది. "ఏటే, ఆగిపోనావు? ఏడు. తోడబుట్టింది కాదేటి."

పిన్ని నా వైపు చూడకుండా చెప్పింది. "అది కూకున్నాది కదా. అది బయటికెల్తే ఏడుస్తాను."

అందరూ నన్నే చూశారు. రాయనులే పిన్నీ, నీ మీద ఒట్టు అనాలనుకున్నాను. కానీ నా ఒట్టుని నేనే నమ్మను, ఆమె ఎందుకు నమ్ముతుంది? లేచి, మగవాళ్లు కూర్చున్న కుర్చీల పక్కనుంచి వీధిలోకి వచ్చేశాను. గోడ దాటానో లేదో, వెనక పిన్ని గొంతు మళ్లీ లేచింది. ఇంకాస్త దూరం నడిస్తే వినిపించదు. నేను నడవలేదు. గోడకి ఆనుకుని పెద్దమ్మ కోసం ఏడ్చాను. ఏడుస్తూనే, మర్చిపోతానేమోనని, పిన్ని అన్న మాటల్ని లోపల మరొక్కసారి అనుకున్నాను.