బడికొచ్చిన జేజులు

ఒకటే గది, ఐదు తరగతులు, ఒక్క టీచరు. ఆ ఒక్కదాన్నీ నేనే. రెండో తరగతికి తీసివేతలు చెబుతుంటే ఐదో తరగతి కిటికీ ఎక్కేది. అరిచి అరిచి గొంతు పోయి, చివరికి అందరికంటే ఎక్కువ వాగే మూడో తరగతి పిల్లనే లీడర్ని చేశాను. మాట్లాడినవాళ్ల పేరు బోర్డు మీద రాయడం దాని పని. పేరు పడితే ఐదు గుంజీలు.

అబ్బబ్బ, ఏం రాసేదో! తుమ్మినవాణ్ణి కూడా వదిలేది కాదు. ఒకసారి నా ఫోన్ మోగితే ‘మేడం’ అని రాసేసింది. గుంజీలు తీయలేదు గానీ ఆ రోజు నుంచి ఫోన్ నోరు నొక్కి సంచిలో పెట్టుకున్నాను. ఏదైతేనేం, నెల తిరిగేసరికి నేను పాఠం చెబితే నాకే వినబడింది.

ఇంతలో సుగ్గి వచ్చిపడింది. మా సొంతూరు కమలాపురంలో ఆ మాట వినలేదు నేను. ఈ కోసిగి వైపు వానలు మొండిచేయి చూపిస్తే ఇంటికి తాళం వేసి, మిరపకాయలు కోయడానికి గుంటూరు పక్కకు బండెక్కడమే సుగ్గి. ఒకరోజు లీడరు నాయన గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడం, పిల్లను పంపీయండి. సుగ్గికి పోతాండాం.”

“పిల్లనెందుకప్పా? ఇంట్లో జేజి ఉంది కదా?”

“మా యమ్మకు కళ్లు తిరుగుతాయి మేడం. మొన్న పొయ్యి కాడ పడింది. పగలంతా పిల్ల బడిలో ఉంటే ముసలామెను ఎవురు జూస్తారు? ఇద్దర్నీ పిల్చుకపోతా.”

నాకు ఒళ్లు మండింది. పిల్ల చదువు పోతుందని మండిందా, నా లీడరు పోతుందని మండిందా అంటే, నిజం చెప్పాలి, రెండోదే ముందు మండింది. “ముసలామెను చూసేవాళ్లు లేకపోతే ఆమెను కూడా బడికి పంపు పో!” అని అరిచాను.

కోపంలో అన్న మాట అది. ఆయన “సరే మేడం” అని, ఇద్దర్నీ ఊళ్లోనే వదిలి సుగ్గికి బండెక్కాడు.

మర్నాడు పొద్దున ప్రార్థనలో, ఒకటో తరగతి వరుస చివర, జేజి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కొంగులో జొన్నరొట్టె. మూడో రోజుకు వీధిలో మిగిలిపోయిన ఇంకో నలుగురు జేజులు వచ్చారు. “ఆమెకొక్కదానికేనా బడి? మేం ఇండ్లల్లో ఒక్కరమే కూర్చోని ఏం జేయాల?” అన్నారు. నా నోరే నా కొంప ముంచింది.

వాళ్లు ఊరుకుంటారా! వక్కాకు నములుతూ ఊళ్లో సంగతులన్నీ ఒకటో తరగతిలోనే మాట్లాడుకునేవాళ్లు. లీడరు మొహమాటపడలేదు, సొంత జేజి పేరే ముందు రాసింది. ముసలామె లేచి బోర్డు దాకా వచ్చింది.

“ఇది నా పేరా?”

“నీదే.”

“నిజంగా? ఇంతుంటాదా?” అని వేలితో గాల్లోనే దాన్ని తడిమింది.

అంతే, కథ తిరగబడింది. తమ పేరు కూడా రాయించుకోవాలని మిగతా నలుగురూ కావాలని మాట్లాడడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులు కాబట్టి వాళ్ల గుంజీలు వాళ్ల మనవళ్లు తీసేవాళ్లు. పాపం ఒకడు రోజుకు నలభై తీశాడు. నేను నవ్వలేక, కోప్పడలేక చచ్చాను. అయినా లీడరు బడిలోనే ఉంది, జేజి దాని కళ్ల ముందే ఉంది. నాకు అది చాలు.

ఒకనాడు మండలం నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏంటమ్మా ఇది? బడా, రచ్చబండా?”

“పొద్దున్నే వచ్చినాం సార్, శానా సేపయింది” అంది జేజి, ఆలస్యమైందేమో అని అడుగుతున్నాడనుకుని.

“రేపటి నుంచి బయటివాళ్లు ఒక్కరు కూడా గేటు లోపల కనిపించకూడదు” అని నా మీద గట్టిగా అరిచాడు. లీడరు సుద్దముక్క పట్టుకుని వెళ్లి బోర్డు మీద ‘సారు’ అని రాసింది. ఆయన దాన్ని తుడిపించాడు.

ప్రపంచాన్నంతా తిట్టే నేను ఆ పూట ఒక్క మాట ఎదురు చెప్పలేదు. “సరే సార్” అన్నాను. పిల్ల నా వైపు చూసింది. సిగ్గుతో ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు బడి దగ్గర ఆటో దిగితే, కూలిన ప్రహరీగోడ అవతల, రోడ్డు పక్కన ఐదుగురూ బారుగా కూర్చుని ఉన్నారు.

“గేటు లోపలికి గదా రావద్దన్నాడు. రోడ్డు ఆయనదేం గాదే” అంది జేజి.

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బోర్డును బయటికి మోయించి, గోడ కూలిన చోటికి ఎదురుగా పిల్లలందరినీ కూర్చోబెట్టాను. పాఠం మొదలుపెట్టానో లేదో సంచిలో ఫోన్ గుర్రుమంది. లీడరు నాయన. ఎవరో అప్పుడే చేరవేశారు.

“మా యమ్మను తరిమేసినారంట గదా! రేపు బండి పంపిస్తాండా. ఇద్దర్నీ ఎక్కించండి.”

“ఎవరూ తరమలేదప్పా. మీయమ్మ నా ఎదురుగానే ఉంది” అంటున్నా ఆయన వినడు. ఆ అరుపు రోడ్డు దాకా వినబడుతోంది. పిల్ల వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“నాయనా, జేజి ఈడనే ఉండాది. నేనూ ఈడనే ఉంటా. పాఠం జరుగుతాంది, సాయంత్రం చెయ్యి.”

అని పెట్టేసింది. జేజులు ఐదుగురూ గోడ అవతల పకపకా నవ్వారు. పిల్ల ఫోన్ తిరిగి ఇచ్చి నా కొంగు పట్టుకుంది.

“మేడం, బండొస్తే మీరు మల్లా సరే అంటారా?” అని మెల్లగా అడిగింది.

“అనను” అన్నాను.