కాగితం కింది సగం

నా చిన్నప్పుడు, మేం దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో ఉన్న రోజుల్లో, నాకు జాబితాలంటే పిచ్చి. బడిలో క్విజ్ పోటీ కోసం దేశదేశాల ప్రభుత్వాల వివరాలు బట్టీ పట్టాను. అమెరికా సెనేట్‌లో ఎందరు, వాళ్ళ పదవీకాలం ఎన్నేళ్ళు, అధ్యక్షుడు లేకపోతే ఆ కుర్చీ ఎవరిది, అన్నీ గడగడా చెప్పేవాణ్ణి.

మా పై అంతస్తు మావయ్య, అత్తయ్య మాకు చుట్టాలేం కారు. గోదావరి జిల్లా నుంచి అమెరికా వెళ్ళి, అక్కడి పౌరులై, మావయ్య ఉద్యోగం వల్ల మూడేళ్ళకని ఖతార్ వచ్చినవాళ్ళు. ఒక సెలవు రోజు నా పాండిత్యం చూపిద్దామని పైకి వెళితే, ఇద్దరూ వాదించుకుంటున్నారు. అమెరికాలో వాళ్ళ ఊరి నుంచి ఓటు కాగితాలు వచ్చాయి. ఆ సాయంత్రం ఐదులోగా కొరియర్‌కి ఇస్తేనే గడువుకి చేరతాయి. అత్తయ్య తన కవరు అంటించేసింది. మావయ్య కుర్చీలోంచి కదలడం లేదు.

"మా రాష్ట్రంలో ఎవడు గెలుస్తాడో ఊరందరికీ తెలుసు. నా ఒక్కడి ఓటు అంత దూరం వెళ్ళి చేసేదేముంది?" అన్నాడు.

"రోజూ టీవీ ముందు అరిచి చేసేదేముందో!" అంది అత్తయ్య.

ఆ తర్వాత ఆవిడ నమూనా ఓటు కాగితం తీసి, అధ్యక్షుడి పేర్లున్న పై సగాన్ని వెనక్కి మడిచి, ఆయన ఒళ్ళో పెట్టింది. కింద స్కూలు బోర్డు, జడ్జీలు, ఇంకా ఏవేవో పదవులు. చిట్టచివర, ఊరి లైబ్రరీకి పన్ను కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్న. ఆ లైబ్రరీలో అత్తయ్య ఏడేళ్ళు పనిచేసింది. తిరిగి వెళ్ళాక మళ్ళీ అక్కడే చేరాలని ఆవిడ ఆశ. వద్దని తేలితే లైబ్రరీ మూతపడుతుంది.

మావయ్యకి ఒక్క పేరూ తెలియలేదు. అత్తయ్య నావైపు తిరిగింది. "నువ్వు చెప్పరా, క్విజ్ మాస్టారూ. స్కూలు బోర్డు ఏం చేస్తుంది?"

"మా పుస్తకంలో లేదత్తయ్యా."

"ఇద్దరం ఫెయిలేరా. యల్లా, పద పద, కంప్యూటర్ పెట్టు," అని మావయ్య నవ్వాడు.

రెండు గంటలు కూర్చున్నాం. ఆయన చదివాడు; ఏ పదవి ఏం చేస్తుందో నేను వరస నంబరు వేసి ఒక్కో ముక్కలో రాశాను. ఒకచోట పోటీదారుల గురించి ఏమీ దొరక్కపోతే, తెలియకుండా వెయ్యనని ఆ గడి వదిలేస్తానన్నాడు. లైబ్రరీ దగ్గరకొచ్చాక, పన్ను వద్దనేవాళ్ళు చెప్పే కారణాలు కూడా పైకే చదివాడు. అత్తయ్య వింటూ కూర్చుంది గానీ మధ్యలో ఒక్క మాటా అనలేదు.

నాలుగున్నరకి అసలు కాగితం తీసుకుని లేచాడు. "ఇక నువ్వు చూడకూడదురా. మీ అత్తయ్య కూడా." గది తలుపు మూసుకుంది. అత్తయ్య ఆ తలుపు వంక ఓసారి చూసి, టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆయన అంటించిన కవరుతో బయటికి రాగానే నేను ఆగలేక, "లైబ్రరీకి ఏం పెట్టారు మావయ్యా?" అన్నాను.

"అడక్కూడదు," అంది అత్తయ్య. ఆయన చేతికి టీ ఇచ్చి, చెప్పులేసుకుని, రెండు కవర్లూ తనే పట్టుకుని బయల్దేరింది.

క్విజ్ జాబితాలు చాలావరకు మర్చిపోయాను. ఇప్పుడు ఖతార్‌లోనే, అల్ రయ్యాన్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మొన్న ఇండియాలో మా ఊరి పంచాయతీ ఎన్నికలకి సెలవు పెట్టి వెళ్ళి, ఊరంతా సర్పంచి గురించి మాట్లాడుకుంటుంటే, మా వార్డుకి నిలబడ్డ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి మురుగుకాలవ సంగతి అడిగి వచ్చాను. ఓటేసి ఇంటికి రాగానే నాన్న, ఎవరికి వేశావురా అన్నాడు. నేను టీ పెట్టడానికి లేచాను.