కొత్త స్వెటర్ పాతబడిన రోజు

ఆ స్వెటర్ గురించి నాకు సలహా ఇవ్వనివాళ్లు లేరు. ఈ ఎండల్లో ఊలేమిటని ఆఫీసులో, కొనిస్తే పోయేదిగా అని ఇంట్లో. క్రోషా సూదితో ఒక చేయి అల్లితే రెండో చేయి పొడుగొచ్చేది. విప్పీ అల్లీ ప్రాణం విసిగింది. చెల్లి ప్రసవించిందని ఫోన్ వచ్చాక, హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి చివరి గుండీ దారిలోనే కుట్టాను.

పక్కనే ఒకమ్మాయి, ఒళ్లో రెండు మూడు నెలల పిల్లాడు. ఆమె కూడా సలహా మొదలుపెట్టింది.

“చంటిబిడ్డకా అక్కా? కొత్తది తొడగొద్దు. వేరే పిల్లలు తొడుక్కున్న పాతదే ఎయ్యాలె, బిడ్డ సల్లగుంటది.”

“నేనే అల్లానండి,” అన్నాను, ఇక చాలన్నట్టు.

“తొలి కాన్పా?”

“కాదు.”

చెల్లికి మొదటి బిడ్డ దక్కలేదని నేను చెప్పలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. స్వెటర్ నా చేతిలోంచి తీసుకుని వాళ్ల పిల్లాడికి తొడగడం మొదలుపెట్టింది. అది వాడికి బిగుతు. ఆమె చేయి దూర్చి లాగుతుంటే నా అల్లిక సాగిపోతోంది. పైగా వాడు మెడ దగ్గర పాలు కక్కాడు. అందరూ చూస్తుండగా లాక్కోలేను కదా.

అమీర్‌పేటలో దిగేముందు విప్పి నా ఒళ్లో పెట్టింది.

“ఇగ పాతదైందక్కా. ఫికర్ జేయకు, తొడుగు.”

ఆసుపత్రి దాకా ఆమెను తిట్టుకుంటూనే వెళ్లాను. మరక కడగాలని కుళాయి తిప్పాను. మరక తడపకుండానే కట్టేశాను.

“కొత్తదానికి ఈ మరకేంటక్కా?” అంది చెల్లి.

“కొత్తది కాదు,” అన్నాను, పాప చేయి అందులో దూరుస్తూ. “పాతదే.”