నర్సీపట్నంలో గుడ్డి కిటికీ ఇల్లు

పాత ఇళ్ళ పిచ్చి నాకు ముదిరిపోయిందని మా ఆయన అంటారు. నర్సీపట్నంలో తీసిన ఒక పెళ్ళి ఫొటోలో వధూవరులను వదిలేసి వెనకున్న ఇంటిని పెద్దది చేసి చూసినదాన్ని కాబట్టి ఎదురు మాట్లాడలేకపోయాను. నడిమధ్య తలుపు, దాని మీద విసనకర్ర ఆకారంలో అద్దాలు, అటు రెండు ఇటు రెండు కిటికీలు, మేడ మీద వరసగా అయిదు. ఇంగ్లండులో జార్జి రాజుల కాలంలో పట్నవాసపు ఇళ్ళు ఇలాగే కట్టేవారు. మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ అచ్చు గుద్దినట్టుండాలి. అలాంటిది నర్సీపట్నంలో ఏం చేస్తోందో చూద్దామని మర్నాడే బయలుదేరాను.

విశాఖలో ఏడింటికి బస్సెక్కితే అనకాపల్లి, తాళ్ళపాలెం మీదుగా పదింటికల్లా దింపేశాడు. టిక్కెట్టు నూట యాభై లోపే. రైల్లో వెళ్ళి ‘నర్సీపట్నం రోడ్డు’ స్టేషను పేరు నమ్మి దిగితే మాత్రం ఊరు ఇంకా బోలెడు దూరం ఉంటుంది. బస్టాండు బయట ఆటో అతనికి ఇంగ్లీషు బంగ్లా అని చెప్పాను. అతను తల గోక్కుని నా ఫోనులో ఫొటో చూశాడు.

“గుడ్డి కిటికీ ఇల్లని సెప్పాలి గానీ, బంగ్లా అంటే నాకేటి తెలుస్తాదండీ. ఎక్కండి, నలభై ఇవ్వండి.”

నిజమే. మేడ మీద కుడివైపు చివరి కిటికీకి చట్రం, పైన కమాను అన్నీ ఉన్నాయి, మధ్యలో మాత్రం గోడే. ఇంటి యజమాని సన్యాసిరావు గారు నేనెందుకొచ్చానో వినగానే లోపలికి పిలిచారు. “మీరు సదువుకున్నోరు. మా ఆవిడకి మీరే సెప్పండి. ఆ కిటికీ తెరిపించమని పెళ్ళయిన కాడినుంచి నా పేణం తీస్తంది” అన్నారు. ఆయన భార్య వరహాలమ్మ గారు కాఫీ గ్లాసు నా చేతికిచ్చి “సెప్పండి, సెప్పండి” అన్నారు. ఆ గొంతులో పెద్ద ఆశేం లేదు.

నేను ఉపన్యాసం అందుకున్నాను. కిటికీ వరస చెడకూడదని ఇంగ్లండులో ఇలా ఉత్తుత్తి కిటికీలు పెట్టేవారని, దాన్ని ముట్టుకుంటే చరిత్రకే ద్రోహమని చెప్పాను. సన్యాసిరావు గారు మీసం దువ్వుకున్నారు. వరహాలమ్మ గారు నన్ను మేడ మీది ఆ గదికి తీసుకెళ్ళి, బియ్యం చేట ఒళ్ళో పెట్టి “రాళ్ళేరండి” అన్నారు. పక్కిల్లు ఆనుకుని ఉంది, వెలుతురు రావడానికి వేరే దారి లేదు. లైటు వెయ్యబోతే కరెంటు లేదు. పట్టపగలు నాకు రాళ్ళ సంగతి అటుంచి, చేటే సరిగ్గా కనబడలేదు.

కిందికొచ్చేసరికి నా చరిత్ర కొంచెం మెత్తబడింది. అసలెందుకు మూశారని అడిగితే సన్యాసిరావు గారు హాల్లో తాతగారి పటం పక్కన, దండ వేసి ఉన్న ఇంకో పటం చూపించారు. తాతగారు బెల్లం వ్యాపారి. ఎవరో దొర వెళ్ళిపోతూ సామాన్లమ్మితే ఈ ఇంగ్లీషు ఇంటి బొమ్మ కొని, మేస్త్రి చేతిలో పెట్టి పొల్లు పోకుండా ఇదే కట్టమన్నారట. మేస్త్రి పొల్లు పోనివ్వలేదు. బొమ్మలో కూడా ఆ చివరి కిటికీ మూసే ఉంది. సరిగ్గా దాని పైన పొగగొట్టం. చలిదేశం వాళ్ళు ఆ గోడలో చలికాచుకునే పొయ్యి పెట్టుకుని, అక్కడ కిటికీకి వీల్లేక ఆకారం మాత్రం ఉంచారు. మన మేస్త్రి పొగగొట్టం కూడా కట్టాడు. కింద పొయ్యి లేదు, పైన పావురాలున్నాయి.

నోరు రాకపోయినా ఆ సంగతి చెప్పేశాను. ఆయన లేచి వెళ్ళి బొమ్మలో పొగగొట్టం మీద వేలు పెట్టారు.

“అంటే మా తాత తప్పు సేసినట్టా?”

“తప్పు కాదండీ. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు కట్టించారు.”

వరహాలమ్మ గారు అప్పుడు అందుకున్నారు. “ఆ బొమ్మలో ఇల్లే ఉందండీ, మడిసి లేదు. ఈ ఇంట్లో నేనున్నాను.”

సన్యాసిరావు గారు బొమ్మ దగ్గర్నుంచి ఇవతలికి వచ్చారు. ఫోను తీసి మేస్త్రికి చేశారు. “గునపం పట్టుకుని బేగి రా.”

వారం తర్వాత ఆవిడ ఫొటో పంపారు. ఇంటి ముఖం కాదు, గది నేల మీద పడ్డ ఎండ, ఎండలో చేట. కిటికీల వరస చెడలేదు సరికదా, మూడు తరాల తర్వాత ఇప్పుడే కుదిరింది. ఈ ఇల్లు చూడాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా: పదింటి తర్వాతే వెళ్ళండి. ఇల్లు తూర్పుముఖం. పొద్దున ఎండ ఆ గదిలో ఉన్నంతసేపూ ఆవిడ అక్కడే కూర్చుంటారు, ఎంత కొట్టినా తలుపు తియ్యరు.