ఫ్లాపీకి పెట్టిన బొట్టు

మొన్న మా చెల్లెలి కూతురు, రుద్రారంలో చదువుకునే పిల్ల, మా ఇంటి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, కంప్యూటేషనల్ సైన్సు పరిశోధన కోసం ఫెలోషిప్ ఇంటర్వ్యూ ఇచ్చేసింది. వాళ్లు ప్రోగ్రామ్ నడిపి చూపించమంటే, ఎక్కడ దాచిందో ఏమో, చిటికెలో తెర మీదికి తెచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆర్పేసి, అక్కడి నుంచే చెవి ఒగ్గి అంతా విన్నాను. మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, దానికేం చెప్పను!

కర్దనూరులో ఫ్యాక్టరీల మురికి దిగి మా బావి నీళ్లు పాడయ్యాక బాపు సేద్యం వదిలేసి ఫ్యాక్టరీలో మూటలు మోసే రోజులవి. ఎమ్మెస్సీ లెక్కలు పాసై ఇంట్లో కూర్చున్న నాకు హైదరాబాదులోని ఒక సంస్థ నుంచి ఫెలోషిప్ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. అది వస్తే హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లవే. రాకపోతే కాజీపల్లిలో మందు గోలీలు ప్యాక్ చేసే పనికి పోవాలని ఇంట్లో తేలిపోయింది. బాపును తప్పు పట్టను, ఆయన చేతిలో మాత్రం ఏముంది!

సొంతంగా రాసిన ప్రోగ్రామ్ తెచ్చి తమ ముందు నడిపించాలన్నారు. కంప్యూటర్ కంటికి కనబడడమే గొప్ప అయిన ఆ కాలంలో, ఒక మందుల ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాసే మా చిన్నాన్న సెలవురోజుల్లో నన్ను దొంగచాటుగా దాని ముందు కూర్చోబెట్టేవాడు. నేలలోకి ఇంకిన మురికినీళ్లు ఎంత కాలానికి ఏ బావిని చేరతాయో లెక్కకట్టే ప్రోగ్రామ్ నాది. ఫ్యాక్టరీ కంప్యూటర్ మీద ఫ్యాక్టరీ నీళ్ల లెక్క! చిన్నాన్న ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని, పని కాగానే మిషన్‌లోంచి అంతా తుడిపించేసేవాడు. మిగిలేది నా దగ్గరున్న ఒక్క ఫ్లాపీ. మీకు గుర్తుండే ఉంటుంది, నల్లటి పలుచని అట్టలాంటిది, దానికో చిన్న కిటికీ, అందులోంచి కనబడే పొర మీదే మన రాతంతా ఉండేది. వేలు తగిలినా పాడయ్యేది.

ఇంటర్వ్యూ దసరా మర్నాడు. దసరా అంటే మన వైపు పనిముట్టన్న ప్రతిదానికీ పూజే. ఫ్యాక్టరీల్లో బాయిలర్లకూ లారీలకూ, మా ఇంట్లో నాగలికీ కొడవళ్లకూ బాపు సైకిలుకూ. ఆ పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి నాయనమ్మ నా ఫ్లాపీని వెతికి తీసి, కొడవళ్ల పక్కన పీట మీద పెట్టి, తడి పసుపు పూసి, సరిగ్గా ఆ కిటికీలో నిండుగా కుంకుమబొట్టు పెట్టి, నీళ్లు చిలకరించి దండం పెడుతోంది.

"నీ పనిముట్టు గిదే గద బిడ్డా, నేనెట్ల మరుస్త? రేపు మంచిగ నడుస్తది సూడు," అంది.

పీట మీంచి ఫ్లాపీని తీసుకుని ఇవతలికి వచ్చేశాను. బట్టతో తుడిస్తే పసుపు ఇంకా లోపలికి పోయింది. చిన్నాన్న ఇంటికి పరుగెత్తాను. పండుగపూట ఆయన గేటు దగ్గర ఎవరెవరినో బతిమాలి ఆఫీసు తాళం తీయించాడు. ఫ్లాపీ పెట్టగానే మిషన్ గరగరలాడి చదవలేనంది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. "ఇగ తియ్యి బిడ్డా, మిషన్ ఖరాబైతే నా నౌకరి పోతది," అని చిన్నాన్న మొత్తుకుంటుంటే గచ్చు మీద కూలబడి, గుండెలు పగిలేలా ఏడ్చాను.

మర్నాడు ఉత్తచేతులతో వెళ్లి జరిగింది చెప్పాను. ఒకాయన నవ్వాడు, ఒకాయన జాలిపడ్డాడు. లెక్క మొత్తం బోర్డు మీద రాసి చూపిస్తానంటే, అందరికీ ఒకటే నియమమన్నారు. చేతులు జోడించాను కూడా. ఆ జోడించిన చేతులు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫెలోషిప్ రాలేదు. కొన్నేళ్లు గోలీలు ప్యాక్ చేసి, తర్వాత సంగారెడ్డిలో ఒక బడిలో లెక్కల టీచరునయ్యాను.

అసలు సంగతి నాయనమ్మకు మేమెవరమూ చెప్పలేదు. తన పూజలోనే ఏదో లోపం జరిగిందని కుమిలిపోయి, మరుసటి దసరాకు నన్ను పిలిచి, "గా నల్లది తే బిడ్డా, ఈసారి జెర గట్టిగ మొక్కుత," అంది. తెచ్చి ఇచ్చాను. ఏం చేయను మరి!

చెల్లెలి కూతురి ప్రోగ్రామ్‌ను ఇప్పుడు ఎవరూ పాడు చేయలేరు, నాకదే సంతోషం. దానికి ఫెలోషిప్ రావాలి, వస్తుంది కూడా. కానీ వాళ్లు ప్రశ్న అడిగినప్పుడల్లా, వంటింట్లో నిలబడి, దానికంటే ముందు నేనే జవాబు చెప్పుకున్నాను.