నేను కనిపెట్టిన పిట్ట

జీవితంలో ఒకే ఒక్కసారి నేను శాస్త్రజ్ఞుణ్ణయ్యాను. ఆ హోదా ఒక్క ఫాల్గుణ మాసం నిలిచింది. అది ఎలా వచ్చిందో, ఎంతమంది ఎదుట ఊడిందో ఇప్పుడు చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. కోంట ఊరు ఊరంతా ఎప్పుడో నవ్వేసింది. మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ నా దగ్గర లేదు.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, ఉద్యోగం పర్మనెంటూ కాలేదు. రెండోది కాకపోబట్టే మొదటిది కావడం లేదని జగదల్‌పూర్‌లో కిరాణా కొట్టు నడిపే మా నాన్న గట్టి నమ్మకం. నేను శబరి నది ఒడ్డున ఉన్న కోంటలో ఒక సర్కారు ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాను. పల్లెల్లో బోరింగులు, అదే, చేతిపంపులు వేయించడం, చెడితే బాగుచేయించడం ఆ ఆఫీసు పని. నేను మాత్రం గిలకబావి నీళ్ళు తాగి పెరిగిన ప్రాణిని. బోరింగును కాగితం మీద చూడటమే తప్ప ఏనాడూ దాని పిడి పట్టుకున్న పాపాన పోలేదు. ఈతకొలనుకు కాపలా ఉండే పిల్లికి నీళ్ళతో ఎంత సంబంధమో, నాకు బోరింగులతో అంత.

మా పెద్ద సాబు తివారీగారు రీవా వైపు మనిషి. మంచి పొట్ట, ఆ పొట్ట మీద ఎప్పుడూ వేలాడే దుర్బీను. ఆయనకు పిట్టల పిచ్చి. ఆఫీసులో ఫైలు చదువుతూ చదువుతూ కిటికీలోంచి ఏదో కిచకిచమంటే చాలు, సంతకం సగంలో ఆపి దుర్బీను ఎత్తేవారు. సంతకంలో 'తి' ఒక రోజుది, 'వారీ' మరో రోజుది అయిన కాగితాలు ఎన్నో చూశాను.

మా ఆఫీసులో ప్రతివాళ్ళూ నెలాఖరున ఒక డైరీ రాసి ఇవ్వాలి. ఏ రోజు ఏ పని చేశాం, ఏ ఊరు వెళ్ళాం, ఏం చూశాం అని. సాబు వాటిని ఆవలిస్తూ చదివి పక్కన పెట్టేవారు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. సాబుకు నచ్చింది రాస్తే ఆవలింత ఆగుతుంది, ఆవలింత ఆగితే ఉద్యోగం ఆగదు! ఆ నెల మొదలు తెల్లవారుజామునే వాగు ఒడ్డున షికారు పెట్టుకున్నాను. డైరీలో పని రెండు ముక్కలు, పిట్టలు రెండు పేజీలు. కాకికీ కోయిలకూ తేడా అవి నోరు తెరిస్తే తప్ప తెలియని నేను, "నేడు నీలిరెక్కల పక్షి విచారంగా కనిపించినది" అని రాయసాగాను. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. కూసే పిట్టలొచ్చి రాసే గుమాస్తాను చెడగొట్టాయి.

అలా ఒక ఉదయం. మోదుగులు ఎర్రగా విచ్చి ఉన్నాయి, ఇప్పపూల వాసన గాలినిండా తీయగా ఉంది. వాగు అవతలి చెట్లలోంచి ఎప్పుడూ వినని కూత వినబడింది.

"కీ...య్ క్రూ! కీ...య్ క్రూ! టక్!"

పరుగున ఇంటికొచ్చాను. ఇల్లంటే మా కాంతయ్య మామయ్య ఇల్లు. మా అమ్మకు వరసకు తమ్ముడు, కోంట బజారులో బట్టల కొట్టు ఆయనది. నా తిండీ పడకా అక్కడే.

"మామయ్యా! వాగు అవతల పొద్దున్నే ఒక వింత కూత, ఎప్పుడైనా విన్నావా?"

"పొద్దుగాల నాకు మీ అత్తమ్మ కూత తప్ప ఇంకోటి ఇనపడదు అల్లుడూ. ఏంది, పిట్టనా?"

"అవును. ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియని పిట్ట!"

"నల్లగుందా, తెల్లగుందా?"

"కనపడలేదు."

"కూత ఇనపడి మనిషి కనపడకపోతే దాన్ని దయ్యమంటరు," అని మామయ్య పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం వదల్లేదు. వాగు దాటి కూత వచ్చే చోటికి రెండు మూడుసార్లు వెళ్ళి మాటువేశాను. విచిత్రం, నేను వెళ్ళిన పూటల్లా అది కూయదు! ఇవతలి ఒడ్డున ఉంటే గొంతు చించుకుంటుంది, అవతలికి వెళితే మౌనవ్రతం. మనిషి వాసన పసిగట్టే మహా తెలివైన పక్షి అని డైరీలో రాసుకున్నాను. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు కదా, నా విషయంలో పిట్ట సున్న, కూత ఘనం.

నెలాఖరున సాబు నా డైరీ చదివారు. ఆవలించలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రమణ బాబూ! యే క్యా హై? కొత్త పక్షా?"

"అవును సార్."

"ఎలా కూస్తుంది?"

గొంతు సవరించుకుని, ఆఫీసు నడిబొడ్డున, తలెత్తి కూశాను. "కీ...య్ క్రూ! కీ...య్ క్రూ! టక్!"

సాబు కళ్ళు మూసుకుని విన్నారు. "ఫిర్ సే," అన్నారు. మళ్ళీ కూశాను. ఆ మధ్యాహ్నం మా ఆఫీసుకు పని మీద వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది.

వేడి మీదున్న ఇనుమును చూసి ఇంకో దెబ్బ వేశాను. "సార్, కొత్త పక్షులకు పెద్దవాళ్ళ పేర్లు పెడతారట. 'తివారీ పిట్ట' అంటే..."

సాబు సిగ్గుపడ్డారు. అంత లావు మనిషి సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి. "అరే, నహీ నహీ!" అని ఒక్క క్షణం ఆగి, "తివారీ పక్షి అంటే ఇంకా గౌరవంగా ఉండదూ?" అన్నారు.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. మాకు ఈక లేదు తోక లేదు, పిట్ట పేరు తివారీ.

సాబు ఊరుకోలేదు. జగదల్‌పూర్ కాలేజీలో పాఠాలు చెప్పే తన స్నేహితుణ్ణి పిలిపించారు. మిశ్రాజీ అని, పిట్టల విషయంలో సాబు అంతటివాడికే గురువు. సన్నగా వెదురుకర్రలా ఉండేవారు. నెత్తిన టోపీ, భుజాన టేపు రికార్డరు, చేతిలో గరిటెంత మైకు. మర్నాడు తెల్లవారకముందే జీపు బయల్దేరింది. సాబు, మిశ్రాజీ, నేను, మాతో పాటు పూరీల డబ్బా పట్టుకుని మామయ్య.

"నువ్వెందుకు మామయ్యా?"

"మేనల్లుడు చరిత్రకెక్కుతాంటే నేను గల్లా పెట్టె కాడ కూసుంటనా?"

వాగు ఇవతల పొదల చాటున కూర్చున్నాం. తూర్పు ఎర్రబడింది. ఇవాళ కూయకపోతే? దేవుడా, ఒక్కసారి కూయించు, నీకు కొబ్బరికాయ కొడతాను అని మొక్కుకున్నాను. దేవుడు విన్నాడు. వినకుండా ఉంటే ఎంత బాగుండేది!

"కీ...య్ క్రూ! కీ...య్ క్రూ!"

మిశ్రాజీ చెయ్యి ఎత్తి అందర్నీ నిశ్శబ్దం చేశారు. టేపు తిరగడం మొదలైంది. కాసేపు విని గుసగుసగా, "మగపక్షి. గొంతులో విరహం గమనించారా?" అన్నారు.

"టక్!"

"అదుగో, అది ఆడపక్షి జవాబు. ఒప్పుకోవడం లేదు."

సాబు నా వీపు తట్టారు. మామయ్య నా చెవిలో, "పాపం, దాని నౌకరీ గూడ పర్మనెంటు గాలేదేమో అల్లుడూ," అన్నాడు.

"దగ్గరికి వెళ్దాం. పాకుతూ," అని మిశ్రాజీ ఆజ్ఞ వేశారు.

మోకాలి లోతు వాగు దాటి పాకడం మొదలుపెట్టాం. ముందు మిశ్రాజీ మైకు చాచి, వెనుక సాబు, ఆ వెనుక నేను, అందరికన్నా వెనుక పూరీల డబ్బా. సాబు పాకడమంటే పాకడం కాదు, పొట్ట మీద ముందుకీ వెనక్కీ ఊగడం. సగం దారిలో ఒక కొమ్మ మీది ఎర్రచీమల గూడు మిశ్రాజీ మెడ మీద పడింది. సైన్సు కోసం ఆ మహానుభావుడు కేక వెయ్యలేదు. పళ్ళు బిగించి, కొత్తరకం నాట్యం చేస్తూనే పాకారు. కూత దగ్గరవుతోంది. ఇంకా దగ్గర. ఇంకా. ఆఖరి పొద తొలగించి మిశ్రాజీ మైకును ముందుకు దూర్చారు.

మైకు వెళ్ళి ఒక ఇత్తడి బిందెకు ఠంగున తగిలింది.

బిందె బోరింగు కింద ఉంది. బోరింగు పిడికి ఒక అవ్వ, ఒక నడివయసు ఆడమనిషి కలిసి వేలాడుతున్నారు. పిడి కిందికి దిగితే కీ...య్. పైకి లేస్తే క్రూ. ఆఖర్న గొలుసు తట్టుకుంటే టక్.

ఆ అవ్వది దోర్ల గిరిజన కుటుంబం. వాళ్ళ మాటలో మన తెలుగు పాలు ఎక్కువ. పిడి వదిలి మా వైపు చూసింది.

"ఏంది సారూ, పాక్కుంటొచ్చిన్రు? ఏమన్న పోగొట్టుకున్నరా?"

ఉద్యోగం, అనుకున్నాను మనసులో.

మిశ్రాజీ మాత్రం ఇంకా ఆశ వదల్లేదు. "పక్షి చెట్టు మీదే ఉంది, ఈవిడ చప్పుడుకు ఆగింది," అన్నారు. నేనూ ఆ గడ్డిపోచనే పట్టుకున్నాను.

"అవ్వా, ఒక్కసారి కొట్టు."

కీ...య్ క్రూ.

"ఆపు."

నిశ్శబ్దం.

"మళ్ళీ కొట్టు."

కీ...య్ క్రూ. టక్.

"ఆపు."

"ఏంది బాబూ!" అవ్వ నడుం మీద చేతులు వేసుకుంది. "నీకు నీళ్ళు గావాల్నా, వద్దా? ఒక్కటి చెప్పు!" అంటూనే నన్ను ఎగాదిగా చూసి, రెండో ఆమెతో, "ఒసేయ్, ఈనే గదనే! మొన్న మనం బిందెలు దెస్తే ఈ బోరింగు గద్దె మీదనే కూసోని, 'ష్, చప్పుడు జెయ్యకుండ్రి, పిట్ట ఎగిరిపోతది' అని ఎల్లగొట్టిండు సూడు!"

అప్పుడు తెలిసింది పాఠకులారా, నేను వెళ్ళిన పూటల్లా ఆ పక్షి ఎందుకు మౌనవ్రతం పట్టేదో.

"మరి మీరేం అనలేదా?" అని మామయ్య అడిగాడు.

"ఏమంటం? మతి లేనోడు, పాపం అనుకున్నం. వాగు ఇసకల చెలిమె తోడుకొని ఆ నీళ్ళే తెచ్చుకున్నం."

తివారీ సాబు మెల్లగా లేచి నిలబడ్డారు. మోకాళ్ళకు బురద, జుట్టులో ఆకులు.

"రమణ బాబూ."

"సార్."

"మన ఆఫీసు ఏ ఆఫీసు?"

"బో... బోరింగుల ఆఫీసు సార్."

ముందుగా సాబు దుర్బీను కదిలింది. తర్వాత దాని కింద పొట్ట కదిలింది. అది తుఫాను అనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. తీరా చూస్తే నవ్వు! నవ్వీ నవ్వీ ఆయన ఆ గద్దె మీదే కూలబడ్డారు. చీమలు దులుపుకుంటున్న మిశ్రాజీ కూడా అందుకున్నారు. మామయ్య అయితే పూరీల డబ్బా నా నెత్తిన పెట్టి చెట్టుకు ఆనుకుని నవ్వాడు.

నవ్వనిది అవ్వ ఒక్కతే. "నవ్వుడు తర్వాత గానీ సారూ, దీన్ని బాగుచెయ్యుండ్రి. ఇద్దరం యేలాడితే గానీ బిందె నిండది, రెక్కలు పడిపోతున్నయి. సర్కారోళ్ళు ఎన్నడూ ఇటు రారు. ఇయ్యాల పాక్కుంటనన్న వచ్చిన్రు."

సాబు నవ్వు ఠక్కున ఆగింది. ఆయన వెంటనే జీపును వెనక్కి పంపి మెకానిక్‌ను రప్పించారు. బోరింగు తల విప్పితే లోపల గొలుసు ఎండి, తుప్పు పట్టి ఉంది. మెకానిక్ శుభ్రం చేసి గ్రీజు దట్టించాడు. అవ్వ పిడి పట్టుకుంది. ఈసారి ఒంటి చేత్తోనే, వెన్నలో కత్తి దిగినట్టు, చప్పుడు లేకుండా నీళ్ళు ధారగా పడ్డాయి. మిశ్రాజీ అలవాటుకొద్దీ మైకు పెట్టి చూశారు. ఏమీ లేదు.

ఆ విధంగా తివారీ పక్షి జాతి ఆ మధ్యాహ్నమే భూమి మీద నుంచి పూర్తిగా అంతరించిపోయింది. కారణం గుప్పెడు గ్రీజు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళేముందు పెట్టె సర్దుకున్నాను. "కొట్ల గుడ్డలు కొలవడం నేర్పిస్తలే," అని మామయ్య ఓదార్చాడు. ఆఫీసులో సాబు నన్ను ఎదురుగా నిలబెట్టి, "మన వాళ్ళు జీపులో పోతారు, ఏ పంపూ కనపడదు, వినపడదు. నువ్వు కనీసం తెల్లారే లేచి విన్నావు. ఆ షికారు మానకు. సైకిలు వేసుకుని ఊరూరా విను. ఎక్కడ పిట్ట కూసినా వచ్చి చెప్పు," అన్నారు.

తిరిగాను. నిజంగానే బోలెడన్ని పిట్టలు దొరికాయి. ఒక ఊళ్ళోది పావురంలా మూలిగేది, ఒక ఊళ్ళోది కొంగలా దగ్గేది. మెకానిక్‌నూ నన్నూ చూడగానే ఆడవాళ్ళు "పిట్ట బాబు వచ్చిండు!" అని ఎదురొచ్చి, కొత్త నీళ్ళు పట్టి తాగమని ఇచ్చేవారు. ఆ నీళ్ళంత తియ్యని నీళ్ళు మళ్ళీ తాగలేదు. వానలు పడేసరికి నా ఉద్యోగం పర్మనెంటు అయింది. భోపాల్‌పట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. "అబ్బాయి ఏం చేస్తాడు?" అని వాళ్ళడిగితే మామయ్య నిబ్బరంగా, "పిట్టల డాక్టరు," అన్నాడు. నిజం తెలిశాక కూడా ఆ అమ్మాయి నన్ను చేసుకుంది. ఇప్పటికీ ఇంట్లో తలుపు కిర్రుమంటే, "ఏమండీ, మీ పిట్ట!" అంటుంది.

మిశ్రాజీ ఆ టేపు పారేయలేదట. ఏటా కొత్త విద్యార్థులకు వినిపించి ఇది ఏ పక్షో చెప్పమనేవారట. ఎక్కువమంది ధనేశ పక్షి అనేవారని విని నా మనసు కొంత కుదుటపడింది.

అయినా శబరి నది సాక్షిగా, ఇంటిదేవత సాక్షిగా, చెయ్యి గుండె మీద వేసుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పిట్టనూ కనిపెట్టను. చెట్టు మీద నుంచి ఎంత మధురమైన కూత వినబడినా, ముందు నిచ్చెన వేసుకుని ఎక్కి గ్రీజు పెడతాను. అప్పటికీ కూస్తేనే దాన్ని పిట్ట అని ఒప్పుకుంటాను.